గాజులు, రెండో టేకు

నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక్క కాగితం నింపేసరికి పూట గడిచిపోతుంది. తప్పులుంటే మన్నించండి. మన్నించడం ఇష్టం లేకపోతే తప్పులతోనే చదువుకోండి, నేను మాత్రం రాయడం మానను. ఇది ఒక్క గంట సంగతి, తొంభై నాలుగులో, మర్రిగూడ దగ్గర మా ఊళ్ళో జరిగింది. ఆ గంటలో నా తలలోకి ఏది ఎప్పుడు వచ్చిందో అట్లాగే రాస్తున్నాను.

మబ్బు కదలడం లేదు. బావి గడ్డ మీద పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. నా ముందు బండరాయి, దాని మీద నా రెండు చేతులు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. నా మొగుడు కురుమయ్య పోయి నెల తిరగలేదు. పదో రోజున ఇదే బావి దగ్గర, ఇదే రాయి మీద నా గాజులు పగలగొట్టారు. ఇవాళ మళ్ళీ తొడిగారు, మళ్ళీ పగలగొడతారు, ఎందుకంటే మొదటిసారి పగలగొట్టింది కెమెరాలో పడలేదు. ఇప్పుడు అందరం ఎండ కోసం ఆగి ఉన్నాం. ఆ రోజు ఇంటి నుంచి బావి దాకా మేము నడిచింది మాత్రం పడిందట, అందులో ఎండ ఉందట, అందుకని ఇవాళ కూడా ఎండే ఉండాలట, లేకపోతే ముక్కకు ముక్క అతకదట. దానికి వాళ్ళ చదువులో ఒక పేరు ఉంది, కంటిన్యుటీ. ఆ మాట నాకు నోరు తిరిగేదాకా నా కూతురు నాలుగైదు సార్లు చెప్పింది. మొగుడు పోయిన రోజు నుంచి తెగిపోయిన నా బతుకును కలిపే మాట వాళ్ళ దగ్గర లేదు గానీ, ఎండకు ఎండను కలిపే మాట ఉంది.

రామచంద్రయ్య సారు అరచెయ్యి కనుబొమల మీద పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. నల్లగొండలో సినిమా, టీవీ పని నేర్పే కాలేజీలో నా కూతురు యాదలక్ష్మి చదువుతోంది, ఆయన అక్కడి మాస్టరు. "ఛ, ఈ మబ్బు పోయేట్టు లేదే," అంటున్నాడు. మృగశిర వచ్చింది. ఊరంతా దుక్కులు దున్ని పత్తి గింజ చేతిలో పట్టుకుని మొగులు వైపు చూస్తోంది. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగి తాగి ఎముకలు వంగిన ఊరు మాది, వాన పడితే ఆ నీళ్ళన్నా పట్టుకుందామని చూరు కింద బిందెలు వరసగా పెట్టుకునే ఊరు. ఈ నేల మీద నిలబడి మబ్బును పొమ్మన్న మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పడవే, ఒక్క చినుకన్నా పడవే, ఈయన కెమెరా డబ్బా మీద పడవే, అని లోపల తిట్టుకుంటున్నాను. పడదు. కురవదు, తొలగదు. అది కూడా ఈయన దగ్గర చదువుకున్నట్టుంది.

చెమట పట్టి గాజుల కింద దురద పెడుతోంది. గోక్కోవడానికి లేదు, చేతులు కదిపితే గాజుల వరస మారుతుందట. నా ఎదురుగా గుర్వమ్మ వదినె కూర్చుంది, నా మొగుడి అక్క. ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది, మా వాళ్ళలో ఎవరి గాజులు తీయాలన్నా ముందు ఆమెనే పిలుస్తారు. చేతిలో రాయి పట్టుకుంది. ముఖానికి పౌడరు రాసుకుంది. మొన్న పదో రోజున మాసిన చీరలో వచ్చిన మనిషి ఇవాళ పెట్టె అడుగున దాచుకున్న చీర కట్టింది.

"సారూ, జెర నా దిక్కు గూడ తిప్పాలె. మొన్న ఇంటికాడ తీసిన దాంట్ల నా వీపే పడ్డదట."

"మీ చెయ్యి చాలమ్మా. ముఖం ఆవిడది కావాలి."

"ఉత్త చెయ్యేనా? చెయ్యి జూసి గుర్వమ్మ అని ఎవలు గుర్తువడ్తరు?"

"సప్పుడుకు గుర్తువడ్తరు పెద్దమ్మా," అన్నాడు మెహమూద్, వెదురుబొంగు చివర కట్టిన మైకును నా నెత్తి మీదికి చాపుతూ. "ఒక్క దెబ్బకు గంత సప్పుడు ఇంకెవ్వలు చేస్తరు?"

"నీ నోట్ల మన్నువడ," అని గుర్వమ్మ నవ్వింది. నవ్వి నావైపు చూసి నోరు మూసుకుంది, చావు ఇంట్లో నవ్వినట్టు. చావు ఇల్లు కాదు గదా ఇది, సినిమా గదా, నవ్వుకో వదినె. మిగతా ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. తీసిన గాజులు మళ్ళీ తీయడం అరిష్టమని తలుపులు దగ్గరికి వేసుకున్నారు. ఆ రోజు నన్ను ఈడ్చుకొచ్చినప్పుడు అరిష్టం కాలేదు వాళ్ళకు. అరిష్టం అంటే వాళ్ళకు వచ్చేదే, నాకు వచ్చేది ఆచారం.

మెహమూద్‌ది కోస్గి. వాళ్ళ నాయిన బషీర్ పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. ఆ పని పెద్ద చదువుతో చేద్దామని ఈ అబ్బాయి కాలేజీకి వచ్చాడు. నన్ను చిన్నమ్మా అంటాడు. పొద్దున వచ్చినప్పుడు నా ముందు గొంతుక్కూర్చుని చిన్న సీసా చూపించాడు. "చిన్నమ్మా, గిది గ్లిజరిన్. సారు పెట్టుకొమ్మన్నడు. ఏడుపు రాకుంటే కండ్ల కింద జెర రాస్తం, నీళ్ళు వాటికవే కారుతయి. మంటెత్తుతది." అట్లా చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేకపోయాడు, సీసాకే చెప్పుకున్నాడు. ఏడుపు రాకుంటే అట. ఈ ఇరవై ఏళ్ళ సంసారంలో నా ఏడుపు ఎవరికీ అక్కరకు రాలేదు. ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నావని కొట్టేవాడు, ఏడవకపోతే గుండె రాయి అనేవాడు. ఇప్పుడు నా ఏడుపు తక్కువ పడుతుందేమోనని సీసాలో పోసి తెచ్చారు.

కురుమయ్య మంచివాడని రాయను. చెడ్డవాడనీ రాయను. గొర్రెల వెంట తిరిగే మనిషి, గొర్రెలతో మాట్లాడినంత నాతో మాట్లాడలేదు. నడుము వంగి, మోకాళ్ళు బిగుసుకుపోయి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చి, చివరికి మంచానికి అతుక్కున్నాక కూడా నీళ్ళు అనే మాట తప్ప నాకు చెప్పలేదు. యాదలక్ష్మి కాలేజీ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టినప్పుడు చూడాలి. ఎర్ర దీపం వెలగగానే ఆయనకు నోరు వచ్చింది. చిన్నప్పుడు మందను తోలుకుని ఎన్ని ఊళ్ళు దాటి ఎక్కడెక్కడ గడ్డి ఉందో, ఏ వాగు నీళ్ళు తియ్యగా ఉండేవో, అన్నీ ఆ అద్దంలోకి చూస్తూ చెప్పాడు. నన్ను బయటికి పంపేవాళ్ళు, నా పట్టీల చప్పుడు టేపులో పడుతుందని. తర్వాత ఒకనాడు కాలేజీకి పోతే అక్కడి టీవీలో వేసి చూపించారు. "బక్కమ్మ లేకపోతే నేను ఎన్నడో మన్నుల కలుద్దును," అంటున్నాడు టీవీలో. పక్కన ఉన్న పిల్లలు నా ముఖం వైపు చూశారు, నేను పొంగిపోతానని. నాకు ఒళ్ళు మండింది. నాకు చెప్పాల్సిన మాట డబ్బాకు చెప్పాడు. అదే మాట ఇంట్లో మంచం పక్కన నిలబడి ఉన్న నాకు చెప్పడానికి ఎర్ర దీపం కావలసి వచ్చిందా? ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ ఉన్నంతసేపూ ఆయనతో పోట్లాడాను, మనసులోనే. ఇంటికి వచ్చేసరికి నీళ్ళు అన్నాడు. ఇచ్చాను.

మా ఊరికి ఫొటోలు తీసేవాళ్ళు రావడం కొత్త కాదు. వస్తారు, వంకర కాళ్ళ పిల్లలను వరసగా నిలబెడతారు, పళ్ళు చూపించమంటారు, తమ వెంట తెచ్చుకున్న సీసాలోని నీళ్ళు తాగి జీపు ఎక్కుతారు. మా పిల్లలకు కెమెరా కనపడితే చెప్పకుండానే నోరు తెరిచి పళ్ళు చూపించడం అలవాటైపోయింది. అందుకే యాదలక్ష్మి ఇంటరు అయ్యాక, నర్సు ట్రైనింగుకు కాకుండా ఈ చదువుకు పోతానన్నప్పుడు నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. మనల్ని ఎవరెవరో తీసుకుపోతున్నారు, మనలో ఒక పిల్ల ఆ డబ్బా వెనక నిలబడితే మనల్ని మనలాగా చూస్తుంది అనుకున్నాను. ఇప్పుడు అదిగో, డబ్బా వెనక నిలబడి ఉంది. ఒక కన్ను మూసుకుంది. తెరిచిన కన్ను నాకు కనిపించడం లేదు, డబ్బా అడ్డం ఉంది.

"అమ్మా, ఆ రోజు నువ్వు ఎడమ దిక్కు జూసుకుంట వచ్చినవ్. జెర అటే జూడు."

చూశాను. ఎడమ దిక్కున థర్మకోల్ అట్టకు వెండి కాగితం అంటించి చెట్టుకు ఆనించి పెట్టారు, ఎండ వస్తే నా ముఖం మీదికి తిప్పడానికి. నా ముఖం నల్లగా వస్తోందట. నల్లగా ఉన్న ముఖం నల్లగా రాక ఎట్లా వస్తుంది.

యాదలక్ష్మి కిందికి వంగి పలక తీసింది. సుద్దముక్కతో రాసింది. ఆ పలక నాదే. రెండేళ్ళ కింద అందరికీ చదువు అంటూ సర్కారు వాళ్ళు ఊరూరా తిరిగినప్పుడు మా ఊళ్ళో పొద్దుగూకే వేళ ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పింది ఇదే పిల్ల. నా వేళ్ళు పట్టుకుని దిద్దించింది. గొర్రె చెవికి గాటు పెట్టే చేతులు, గుండ్రంగా తిరగవు. "అమ్మా, భయపడకు, పలక పలిగితె ఇంకోటి తెస్త," అనేది. కురుమయ్య గడపలో కూర్చుని నవ్వేవాడు, "గొర్లకు పేర్లు రాస్తవానే?" అని. నేను నేర్చుకున్నది బస్సు బోర్డు చదువుకుందామని, మందు చీటీ మీద నా మొగుడి పేరు సరిగా ఉందో లేదో చూసుకుందామని. ఇప్పుడు ఆ పలక నా ముఖం ముందు పట్టుకుంది. చదివాను. ఎవరూ చదవమనలేదు, కళ్ళు వాటంతట అవే చదివాయి. సీను, గాజులు. టేకు, రెండు. నాకు అక్షరాలు రాకపోయి ఉంటే ఇవాళ ఆ పలక మీద ఏదో తెల్లగీతలు ఉండేవి, అంతే. నా ముండమోపితనానికి నంబరు ఉందని నేను చదువుకోగలిగాను. నేర్పిన చెయ్యే రాసింది.

మబ్బు అంచు కొంచెం తెల్లబడింది. సారు "రెడీ, రెడీ" అన్నాడు. గుర్వమ్మ రాయి ఎత్తింది. మళ్ళీ ముసురుకుంది. గుర్వమ్మ రాయి దించింది. ఆమె చెయ్యి నొప్పి పుడుతోందట, చిన్న రాయి తెచ్చుకోనా అని అడిగింది. "వద్దు, అప్పుడు ఏ రాయో అదే," అన్నాడు సారు. రాయికి కూడా కంటిన్యుటీ ఉంది.

మొదటిసారి ఎందుకు పడలేదో నాకు మెహమూద్ చెప్పాడు. ఆ డబ్బాకు ఒకటే మీట. ఒకసారి నొక్కితే తీస్తుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. ఆ పిల్ల నాయిన పోయి పది రోజులు. కండ్ల నీళ్ళు కారుతుంటే అద్దంలో ఎర్ర దీపం కనపడలేదు. బావి దగ్గర కుదురుకుని మీట నొక్కింది, నొక్కానో లేదోనని మళ్ళీ నొక్కింది. అది ఆగిపోయింది. ఆగిన డబ్బాను కంటికి పెట్టుకుని తల్లి గాజులు పగలడం అంతా చూసింది. అయిపోయాక ఆపుదామని నొక్కింది, అప్పుడు అది తీయడం మొదలుపెట్టింది. టేపు నిండా నేల, గడ్డి, తిరిగిపోతున్న వాళ్ళ కాళ్ళు, ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు. కాలేజీలో వేసి చూశాక సారు పిల్లలందరి ముందు నా బిడ్డను నిలబెట్టి అన్నాడట, "మీట నొక్కడం రాదా నీకు? మీ నాన్న మళ్ళీ చచ్చిపోతాడా?" అని. ఆ వెంటనే ఆయనే, "చావును మళ్ళీ తీయలేం గానీ, గాజులు మళ్ళీ తీయొచ్చు," అన్నాడట.

నేను ఇట్లా కూర్చుని ఈ మాటే నములుతున్నాను. గాజులు మళ్ళీ తీయొచ్చు. ఆయన తప్పు పట్టిన విధం చూస్తే చంపాలనిపిస్తుంది. మరి నా బిడ్డ మీద కోపం ఎందుకు తగ్గదు? మొన్న గుడ్డి వెలుతురులో, నేను కూర్చున్న మూల దగ్గరికి వచ్చింది. మొగుడు పోయిన ఆడది నెల దాకా బయటి ముఖం చూడకూడదు మాలో, ఆ మూలే నా జాగా. నా పక్కన కూర్చుని గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"అమ్మా, ఒక్కపారి. ఒక్కటే పారి."

"ఏంది ఒక్కపారి?"

చెప్పింది.

"నీకు తల తిరిగిందానే?"

"గది లేకుంటె సినిమా లేదమ్మా. నాయిన మాట్లాడేది, నాయిన పొయ్యేది, నువ్వు బాయి కాడికి నడిచేది, గంతే, ఆడికే తెగిపోతది. కెమెరా ఒక్కటే ఉన్నది మా అందరికి. నా వంతు అయిపోతాంది. గిది ఇయ్యకుంటె నేను ఫెయిల్. మల్ల ఆ గొర్ల కాడికే వస్త."

"గొర్లకాడికి వస్తె చస్తవా?"

"నువ్వే చెప్పు, రావాల్నా?"

నా లోపల ఒకటే మాట. వద్దు. ఆ గొర్రెల కాడికి, ఆ బోరు కాడికి, ఆ వంగిపోయే ఎముకల కాడికి నా బిడ్డ తిరిగి రావద్దు. అది దానికి తెలుసు. తెలిసే అడిగింది. నా మెత్తని చోటు ఎక్కడ ఉందో చూసుకుని అక్కడే వేలు పెట్టింది. మర్నాడు ఖాదర్‌బీ దగ్గరికి పోయింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గాజుల మలారం ఎత్తుకుని తిరిగేది ఖాదర్‌బీయే, నా పెళ్ళికి గాజులు ఎక్కించింది ఆమే, యాదలక్ష్మి చిన్నచేతులకు మొదటి గాజులు ఎక్కించిందీ ఆమే. సంగతి విని మలారం మీద గుడ్డ కప్పేసిందట. "గాజులు ఎక్కిచ్చుడు నా పని బిడ్డ. ఇరగ్గొడ్తమని ముందుగాల్నే చెప్పి ఎక్కియ్యమంటె నా చెయ్యి రాదు. గంతగనం కావాల్నంటె మీ సారుకే ఎక్కియ్యి, ఆయన చేతులే రాయి మీద పెట్టుకొమ్మను." అందుకని నల్లగొండలో దుకాణంలో కొనుక్కొచ్చింది. ఆకుపచ్చవే తెచ్చింది. మధ్యలో ఎర్రవి ఉన్నాయి ఆ రోజు, అవి మరిచిపోతే మెహమూద్ గుర్తు చేశాడు, ఎర్రవీ తెచ్చింది.

ఈ పొద్దున సబ్బు నురుగు పూసి నా చేతులకు యాదలక్ష్మే ఎక్కించింది. సైజు చిన్నది. ఎముక దగ్గర పట్టుకుంటే నొక్కి తోసింది. నా బిడ్డ చేతులు వణుకుతాయేమోనని చూశాను. వణకలేదు. పసుపు పూసింది. బొట్టు పెట్టింది. తలలో పూలు పెట్టింది. చివరికి దారానికి పసుపు పూసి, పుస్తెల బదులు పసుపుకొమ్ము కట్టి, నా వెనక్కి వచ్చి నా మెడలో ముడి వేసింది. కన్న కూతురు తల్లి మెడలో పసుపుతాడు కట్టింది. మూడు ముళ్ళు వేసిందా, ఒక్కటే వేసిందా అని నేను లెక్కపెట్టలేదు, ఆ వేళ్ళు మెడకు తగులుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. "అయిపోయిందమ్మా," అంది, చీర కుచ్చెళ్ళు సర్దినట్టే. దాని ముక్కు నా మొగుడి ముక్కు. ఆ ముక్కు చూస్తే కోపం, చూడకపోతే దిగులు.

ఎవరో ఈల వేశారు. చెట్ల అవతల గొర్రెలు మేత మళ్ళాయి. నా చేతులు రాయి మీద చల్లగా ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద, గాజుల కింద, మొన్నటి గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ రోజు గాజు ముక్క దిగింది. దిగినట్టు ఇంటికి పోయాక గానీ తెలియలేదు. ఆ రోజు నేను చేతులు గుంజుకున్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది, గుంజుకున్నాను. వద్దని అరిచాను. మొగుడి కోసం ఏడుస్తున్నాననుకున్నారు, నేను వద్దంటున్నానని ఎవరూ అనుకోలేదు. "పట్టుకోండ్రే, గుంజుకుంటాంది," అంది గుర్వమ్మ. ఇద్దరు భుజాల మీద కూర్చున్నంత పని చేశారు, ఇంకో ఇద్దరు చేతులు తొక్కిపట్టినట్టు పట్టుకున్నారు. వాళ్ళల్లో ఒకామెకు కిందటేడు నేను కానుపు చేశాను. ఆమె గోళ్ళు నాకు గుచ్చుకున్నాయి. దెబ్బ పడ్డాక అందరూ ఒక్కసారి వదిలేశారు, పని అయిపోయిన బట్టను వదిలేసినట్టు.

"చేతులు పట్టుకునేటందుకు ఎవ్వలు రాలే సారూ," అంటోంది గుర్వమ్మ. "మొన్నటి లెక్క కావాల్నంటె నలుగురు ఉండాలె."

"వద్దు వద్దు. వాళ్ళు ఉంటే అడ్డం. ఆవిడ ముఖం కనపడాలి, చేతులు కనపడాలి. ఫ్రేములో ఇంకెవరూ వద్దు. ఆవిడే పెట్టుకుని కూర్చుంటారు. ఏమ్మా, కూర్చుంటారు కదా?"

నేను తల ఊపాను. ఊపాక నా చేతుల వైపు చూశాను. రాయి మీద ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. ఎవరి గోళ్ళూ లేవు. నా భుజాల మీద గాలి తగులుతోంది. చిత్రంగా ఉంది, ఇంత సేపటి నుంచి నేను ఎవరూ పట్టుకోకుండా ఇట్లా వంగి కూర్చుని ఉన్నాను.

ఎండ వచ్చింది. ఒక్కసారి వచ్చింది, తలుపు తీసినట్టు. మెహమూద్‌తో వచ్చిన కాలేజీ పిల్లలు ఇద్దరు వెండి అట్టను తిప్పారు, వెలుగు నా కళ్ళలో కొట్టింది. "సౌండ్?" అన్నాడు సారు. "ఓకే సార్," అన్నాడు మెహమూద్. "కెమెరా?" "నడుస్తాంది సార్," అంది యాదలక్ష్మి. ఆ గొంతు వణికింది. అప్పుడు వణికింది. సారు చెయ్యి ఊపాడు. గుర్వమ్మ వదినె రాయి ఎత్తింది. ఎత్తి నా చేతుల వైపు చూడకుండా కెమెరా వైపు చూసింది.

నేను చేతులు తీసుకున్నాను.

గుంజుకోలేదు. గుంజుకోవడానికి ఎవరు పట్టుకున్నారని. అన్నం తిన్నాక పళ్ళెంలోంచి చెయ్యి తీసుకున్నట్టు తీసుకున్నాను. రాయి రాయి మీద పడింది, నిప్పురవ్వ లేచింది.

"ఏందే?" అంది గుర్వమ్మ.

"వద్దు వదినె."

"వద్దేందే? అయిపోయిందే గదా అది. అయిపోయినదానికి వద్దేంది?"

"ఆ పొద్దు నన్నడిగినవా? నలుగురు పట్టుకున్నరు, ఇరగ్గొట్టినవ్. ఈ పొద్దు అడిగిండ్రు. అడిగిండ్రు గాబట్టి చెప్తున్న, వద్దు."

"కట్, కట్!" అన్నాడు సారు. "అమ్మా, ఏమిటిది? ఎండ పోతుందమ్మా. మీ అమ్మాయి భవిష్యత్తమ్మా. ఇది నిజం కాదు, ఉత్త నటన, మీకు అర్థం అవుతోందా?"

"నాకు నటన రాదు సారూ. రాయి వడితె ఇరిగేది నిజం గాజులే."

యాదలక్ష్మి డబ్బా వెనక నుంచి బయటికి వచ్చింది. కన్ను చుట్టూ రబ్బరు అచ్చు ఎర్రగా పడింది. "అమ్మా, కూసో," అంది. నేను కూర్చోలేదు. "అమ్మా, నీ కాల్మొక్త, కూసో. నా సదువమ్మా. నా సదువు ఆగం జెయ్యకు." ఆ మాటకు నా కాళ్ళు నిజంగానే వంగాయి. కూర్చుందామనుకున్నాను. ఒక్క దెబ్బ, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది, పిల్ల బయటపడుతుంది అనుకున్నాను. అనుకుంటూనే నిలబడి ఉన్నాను. నా చేతులు చీర కొంగు కింద ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి, అవి నా మాట వినేట్టు లేవు.

"నీ సదువు నువ్వు సదువుకో బిడ్డ. ఏం అమ్ముకొనైనా సదివిపిస్త. ఇంకో ఏడు సదువు, రెండేండ్లు సదువు. నా చేతులు నీ సదువు గాదు."

"నాయిన ఉంటె ఇట్ల జేస్తుండెనా?"

"నాయిన ఉంటె ఈ గాజులు ఇరగ్గొట్టే పనే లేకుండె."

మెహమూద్ బొంగు దించాడు. సారు గడియారం చూసుకున్నాడు, నన్ను చూడలేదు. మెడలో పసుపుతాడు ముడి దొరకలేదు, తల మీది నుంచి తీసి నా బిడ్డ చేతిలో పెట్టాను. అది అబద్ధం, మొగుడు లేడు, ఎవరు కట్టినా లేడు. గాజులు అబద్ధం కాదు. గాజులు గాజులే. మొగుడు ఎవరో తెలియకముందే నాకు గాజులు ఉన్నాయి. యాదలక్ష్మి ఆ తాడును నేలకేసి కొట్టింది. "నువ్వు నాకు తల్లివే కాదు," అంది. అన్నది. రాశాను, ఎందుకంటే అన్నది.

నేను బావి గడ్డ దిగి ఊళ్ళోకి నడిచాను. నెల తిరగని ముండమోపి, పట్టపగలు, మోచేతుల దాకా గాజులతో, తలలో పూలతో. దగ్గరికి వేసిన తలుపులు తెరుచుకున్నాయి. "ఓ దేవుడా, ఏం జూస్తున్నమే," అంది ఒకతె. "సినిమా అక్కా, సినిమా, ఆడ తీస్తాండ్రు," అంది ఇంకొకతె. "సినిమా అయిపోయింది," అని చెప్పాను. నడిచాను. గాజులు మోగుతున్నాయి. వాటిని ఆపడానికి నేనేమీ చేయలేదు. వెనక నుంచి ఎవరన్నా వచ్చి పట్టుకుంటారని ఇంటిదాకా వీపు బిగపట్టుకునే ఉన్నాను. ఎవరూ రాలేదు. నా బిడ్డ కూడా రాలేదు.

యాదలక్ష్మి ఆ ఏడు తప్పింది. నీవల్లే అంది, కాదని నేను అనలేదు. ఏడాది పాటు ఇంటికి రాలేదు. తర్వాతి ఏడు కోస్గి సంత మీద సినిమా తీసి పాసైంది. ఇప్పుడు హైదరాబాదులో టీవీ వాళ్ళ దగ్గర ఉంది, పండుగకు వస్తుంది, తింటుంది, పోతుంది, ఆ రోజు మాట ఇద్దరం ఎత్తం. గుర్వమ్మ వదినె చనిపోయేదాకా నా చేతి నీళ్ళు తాగలేదు. ఊరు నన్ను ఏ పెళ్ళికీ పిలవలేదు, నేను గొర్రెలను అమ్మి ఊరు విడిచాను. ఆ గాజులు ఏమయ్యాయని అడుగుతారు. గిన్నెలు తోముతుంటే కొన్ని, కట్టెలు విరుస్తుంటే కొన్ని, అన్నీ ఒకటొకటిగా పగిలాయి. పగిలినప్పుడల్లా కొత్తవి కొనుక్కున్నాను. గాజులు అట్లా పగలాలి.

కురుమ బక్కమ్మ, వయసు యాభై ఒకటి. ఉండేది పానగల్‌లో, కిరాయి గదిలో. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను.